వ్యానత్త పిల్లలకు పనులు చూసే పద్ధతి

మా తోడికోడలు స్కూలు వ్యాను నడుపుతుంది. ఊళ్లో సగంమంది పిల్లలకు ఆవిడ వ్యానత్త. నాకు అక్క. వాళ్లు కింది వాటాలో, మేం పై వాటాలో ఉంటాం. ఆవిడ మెట్లెక్కి వస్తోందంటే అలమరలో గ్లాసులు నాకు ముందే కబురు చెబుతాయి. మనిషి అంత ఎత్తు, అంత బలం. వ్యాను టైరు పంక్చరైతే మెకానిక్కు కోసం ఎదురుచూడటం ఆవిడ ఒంటికి పడదు. చేతులు పైకి మడిచి, నట్లు తనే విప్పి, చక్రం తనే మారుస్తుంది. లోపల కూర్చున్న పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లకు ఆవిడ పొంగిపోతుంది కూడా. అంత పొంగు మంచిది కాదని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక?

వేసవి సెలవులిచ్చారంటే వ్యాను గేటు పక్కన ఖాళీగా పడి ఉంటుంది గానీ ఆవిడ ఖాళీగా ఉండదు. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు, మరీ చిన్నవాళ్లూ కారు, పెద్దవాళ్లూ కారు, అటూ ఇటూ కాని వయసు వాళ్లు, వచ్చి గేటు దగ్గర చేరతారు. "అత్తా, ఏదైనా పని చూసిపెట్టవా?" అని. ఒకడికి సైకిలు కావాలి. ఒకమ్మాయికి ఇంట్లో తమ్ముళ్ల గోల తప్పాలి. ఇంకొకడికి ఏం కావాలో వాడికే తెలియదు, స్నేహితుడు వచ్చాడని వెంట వచ్చాడు. నేనైతే తిట్టి పంపేద్దును. ఆవిడ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎవరికి ఏది ఇష్టమో అడిగి, ఆ తర్వాత ఊరిమీద పడుతుంది. లైబ్రరీలో పుస్తకాలు మళ్లీ అరల్లో సర్దడం, ఊరెళ్లినవాళ్ల ఇళ్లల్లో మొక్కలకు నీళ్లు పొయ్యడం, చూపు ఆనని ఒక ముసలాయనకు పేపరు చదివి వినిపించడం, ఇలాంటివి వెతుకుతుంది. పొద్దున పూట కాసేపు పని, అంతే. అంతకు మించి ఎవరడిగినా ఒప్పుకోదు. పొద్దున వ్యానులో తనే దింపుతుంది, భోజనాల వేళకి తనే ఎక్కించుకొచ్చి ఇళ్లకు చేరుస్తుంది.

ఇందులో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. ఎక్కడైనా సరే, పిల్లల్ని పెట్టేముందు ఆ పని తను చేసి చూస్తుంది. అడిగి తెలుసుకోవడం కాదు, పైపైన ఒక చూపు చూసి రావడం కాదు, ఒక పూటంతా చేస్తుంది. కుక్కలకు స్నానం చేయించే చోట నడుం వంచి కుక్కలకు సబ్బు రుద్దింది, మోచెయ్యి కరిపించుకుని వచ్చింది. ప్రెస్సులో కాగితం కట్టలు మోసి, "ఇది పిల్లలు మోసే బరువు కాదు" అని యజమానికి మొహంమీదే చెప్పి వచ్చింది. ఐస్‌క్రీము కొట్టులో అంతా బాగానే ఉందిట, వెనక గది గడియ మాత్రం బయటివైపే ఉందని ఆ కొట్టు వద్దంది. "బయటినుంచి మాత్రమే తీసే తలుపు ఉన్నచోట నా పిల్లలు ఉండరు" అని. నా పిల్లలట!

"నీకేం పోయేకాలం అక్కా! ఊళ్లోవాళ్ల పిల్లల కోసం నీ నడుం ఎందుకు విరగ్గొట్టుకుంటావు?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

ఆవిడ జవాబుకి తడుముకునే మనిషి కాదు. తన అరచేతులు చూసుకుంటూ చెప్పింది. పదమూడో ఏట వేసవిలో వాళ్ల మేనమామ ఆవిణ్ణి సీసాలు కడిగే పనిలో పెట్టాడట. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లు, పగిలిన గాజు పెంకులు, చేతులకు ఏ తొడుగూ లేదు. ఆ సెలవులయ్యేసరికి అరచేతుల మీద తోలు ఊడి వచ్చేసిందట. "మావయ్య చెడ్డవాడు కాదే. నన్ను గుమ్మం దాకా దింపి వెళ్లేవాడు. ఆ గుమ్మం దాటి లోపలికి ఒక్కసారి తొంగి చూసుంటే నన్ను అక్కడ ఉంచేవాడే కాదు" అంది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఆ పద్ధతి గురించి మళ్లీ సణగలేదు. కనీసం పైకి సణగలేదు.

ఇక మా అమ్మాయి సంగతి. పద్నాలుగేళ్లది. ఇంట్లో అందరం దాన్ని పుల్ల అంటాం. పెట్టిన పేరు కన్నా ఆ పేరే దానికి అతుక్కుపోయింది, అంత బక్కగా ఉంటుంది మరి. నోట్లో నాలుక లేని పిల్ల. కంచంలో కూర అయిపోతే ఇంకాస్త వెయ్యమని అడగదు, ఒట్టి అన్నం కలుపుకుని తినేస్తుంది. నేను చూసి వడ్డిస్తే సరి, లేకపోతే అంతే. క్లాసులో పిల్లలు దాన్ని "కిటికీ పక్కన కూర్చోకు, గాలికి ఎగిరిపోతావు" అని ఏడిపిస్తారట. ఈ ఏడాది సెలవులివ్వగానే అది తిన్నగా కిందికి దిగి వాళ్ల పెద్దమ్మ ముందు నిలబడి, "నాకు కూడా పని చూడు పెద్దమ్మా" అంది. నాకు చెప్పలేదు, వాళ్ల నాన్నకు చెప్పలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. ఆ చేతులతో ఏం పని చేస్తుంది, ఎండలో ఎక్కడ తిరుగుతుంది, నలుగురిలో నోరెత్తగలదా? మా ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా "వెళ్లనీ" అన్నాడు. అక్క మాత్రం నా కళ్లల్లోకి చూసి, "నీ కూతురు నాకు ఊళ్లోవాళ్ల పిల్ల కాదే. దానికి చూసే చోటు రెండు పూటలు చేసి చూస్తాను, సరేనా?" అంది. ఆ మాటతో నేను మెత్తబడ్డాను.

అలా దొరికింది పూల షాపు. మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంటుంది. యజమాని మంచివాడే, కాకపోతే వాగుడుకాయ. గులాబీ కాడలకు ఆకులు, ముళ్లు తీసెయ్యడం, బకెట్లలో నీళ్లు మార్చడం, గుత్తుల చుట్టూ కాగితం చుట్టడం, అదీ పని. షాపు వెనకభాగంలో పూలు నిలవ ఉంచే కోల్డ్ రూమ్ ఒకటి ఉంది. జానెడు మందం తలుపు, తలుపులో ముఖమంత అద్దం. లోపలివైపు పిడి లేదు, గుండ్రటి బొడిపె ఉంది. దాన్ని నొక్కిపట్టి తలుపు తోస్తే తెరుచుకుంటుంది. అక్క దాన్ని చూసీ చూడగానే పువ్వులాయనతో "నన్ను లోపల పెట్టి తలుపు వెయ్యండి" అందట. ఆయన ఎందుకమ్మా అంటే, "మీరు వెయ్యండి, చెబుతాను" అందట. ఆయన వేశాడు. ఈవిడ లోపలినుంచి ఒక్క తోపు తోసింది, తలుపు వచ్చి ఆయన భుజానికి తగిలింది. ఆ సంగతి ఆయన వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాడు. ఈవిడ కూడా ఇంటికొచ్చి మాకు నవ్వుతూ చెప్పింది. పుల్ల నోరు తెరుచుకుని విన్నది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే కాదు, చాలా బాగా గడిచాయి. పుల్ల చేతుల నిండా ముళ్ల గీతలతో, బట్టల నిండా పూల వాసనతో వచ్చేది. భోజనం దగ్గర మాట్లాడేది! ఏ పువ్వు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏ కాడ ఎలా కొయ్యాలో చెబుతూ మధ్యలో కంచం ముందుకు జరిపి "ఇంకొంచెం వెయ్యమ్మా" అనేది. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్న రోజు కూడా ఉంది.

ఆ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. అక్క పిల్లలందరినీ వాళ్ల వాళ్ల చోట్ల దింపి వచ్చి, నా దగ్గర కాఫీ తాగుదామని పైకొచ్చింది. నేను కొత్త కాఫీపొడి సీసా తీసి మూత తిప్పుతున్నాను. రావడం లేదు. గుడ్డ పెట్టి తిప్పాను, పళ్లు బిగించి తిప్పాను, రాలేదు.

"నీ చేతులు దూదితో చేశారటే? ఇటు తే" అని లాక్కుని, మాట పూర్తికాకముందే మూత తీసి బల్ల మీద పెట్టింది.

నేను మూతి ముడుచుకుని, "అందరూ నీలా ఉంటారా ఏంటి? నేనే తియ్యలేకపోయాను, అదే మా పుల్లయితే ఆ సీసా పట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేది" అన్నాను. మామూలుగా అన్నాను. మేమిద్దరం రోజూ ఇలాంటివి అనుకుంటూనే ఉంటాం.

ఆవిడ నవ్వలేదు. సీసా వైపు చూసింది, తన చేతి వైపు చూసుకుంది.

"ఆ తలుపు నేను భుజంతో తోశానే" అంది.

"ఏ తలుపు?"

"పూల షాపులోది. చెయ్యి ఒక్కటే చాల్లేదు. భుజం ఆనించి తోశాను. అప్పుడొచ్చింది."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆవిడకే భుజం కావలసివచ్చిన తలుపు మా పుల్ల చేతికి వస్తుందా?

అక్క అప్పటికే షాపుకి ఫోను చేస్తోంది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. పువ్వులాయన సెల్లుకి చేసింది. ఆయన ఎత్తాడు. వెనకాల బళ్ల రొద వినిపిస్తోంది.

"ఎక్కడున్నారండీ మీరు? మా పిల్ల ఏదీ?"

"నేను బయట ఉన్నానమ్మా, ఒక ఆఫీసులో గుత్తులు ఇవ్వడానికి వచ్చాను. పిల్ల షాపులోనే ఉంది. గులాబీలు లోపల సర్దమన్నాను."

"లోపలంటే ఎక్కడ? కోల్డ్ రూములోనా? తలుపుకి బకెట్టు అడ్డం పెట్టుకోమని చెప్పారా?"

"రోజూ పెట్టుకుంటుందమ్మా. ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది కదా, చల్లదనమంతా పోతోందని తలుపు వేసుకుని సర్దమన్నాను. భయం లేదులే, మీ పెద్దమ్మ చూసింది కదా, ఒక్క తోపుకి వచ్చేస్తుంది అని చెప్పాను. మీరే చూశారు కదా."

"మీరు బయల్దేరి ఎంతసేపయింది?"

"కొంచెం సేపయిందమ్మా. ట్రాఫిక్కులో ఇరుక్కుపోయాను."

మెట్లు ఎలా దిగామో నాకు తెలియదు. వ్యాను వీధి మలుపు తిరిగాక గాని నా కాళ్లకు చెప్పులు లేవని చూసుకోలేదు. షాపు ఫోనుకి నేను చేస్తూనే ఉన్నాను. ఆ మోత వింటుంటే నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. పక్క కొట్టువాళ్ల నంబరు మా ఇద్దరి దగ్గరా లేదు. అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. "పెద్ద మొనగత్తెవి! ఒక్క తోపుకి తీశావా? నీ కండలు చూపించుకోవడానికి నా కూతురే దొరికిందా? నా బిడ్డకేమన్నా అయితే నీ మొహం చూడను, ఈ జన్మలో చూడను" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ పళ్లు బిగించి రోడ్డే చూస్తోంది. రోజూ పిల్లలున్నారని నత్తలా నడిపే మనిషి, ఆ రోజు ప్రతి సందులోంచీ హారన్ మీదనుంచి చెయ్యి తియ్యకుండా దూరింది.

పూల షాపు సందు మొదట్లో ఒక లారీ సామాను దించుతోంది. దారి లేదు. అక్క హారన్ కొట్టింది. లారీ దగ్గరున్నవాడు ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ వ్యానును రోడ్డు మధ్యలోనే ఆపేసి, తలుపు కూడా వెయ్యకుండా దిగి పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. వెనకాల బళ్లవాళ్లు అరుస్తున్నారు. వేడెక్కిన రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నేనూ పరుగెత్తాను.

షాపు తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. బల్ల మీద కత్తెర, సగం చుట్టిన గుత్తి ఉన్నాయి. ఫోను ఇంకా మోగుతోంది. నా చేతిలో ఉన్న ఫోనే దాన్ని మోగిస్తోందని, నేనింకా ఆపలేదని అప్పుడు తెలిసింది. వెనక కోల్డ్ రూము తలుపు మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే పూల బకెట్లు తప్ప మనిషి కనపడలేదు. అక్క పిడి పట్టి లాగింది. బయటినుంచి అది ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పలేను.

తలుపు పక్కన, గోడవారగా, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది పుల్ల. గుత్తులకు చుట్టే కాగితాలన్నీ ఒంటికి చుట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. గడ్డం వణుకుతోంది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది. నేను దాన్ని అమాంతం ఎత్తుకున్నాను. పద్నాలుగేళ్ల పిల్లను ఎత్తుకుని బయటికి తెచ్చాను, ఆ బలం నాకెక్కడినుంచి వచ్చిందో. ఎండ పడేచోట కూర్చోబెట్టి చేతులు రుద్దుతుంటే చూశాను, కుడి అరచెయ్యి మధ్యలో బొడిపె అచ్చు పడి, ఎర్రగా కమిలిపోయి ఉంది. భుజం మీద కూడా కమిలింది.

వణుకు కాస్త తగ్గాక అడిగాను. "ఎవరూ రాలేదటే షాపులోకి?"

"వచ్చారు" అంది. "ఒకావిడ వచ్చింది. పూలు చూసింది. ఎవరైనా ఉన్నారా అని పిలిచింది. అద్దంలోంచి కనిపించింది."

"మరి అద్దం మీద కొట్టలేదేం? ఆవిడ తీసేది కదా!"

పుల్ల తల దించుకుంది. ఎప్పటిలాగే మాట లోపలే ఉండిపోతుందనుకున్నాను. కానీ చెప్పింది.

"పక్కకి జరిగి కూర్చున్నాను, కనపడకుండా. పెద్దమ్మ ఒక్క తోపుకి తీసింది కదా. అందరికీ తెలుసు. నాకు రాలేదంటే, ఇది తలుపు తియ్యడానికి కూడా పనికిరాదంటారు. ఇంకోసారి తోస్తే వచ్చేస్తుందేమో అనుకున్నా. ఇంకోసారి తోశా. మళ్లీ తోశా."

అక్క మాతోపాటు కింద, తడి ఆకుల మధ్య, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మెల్లగా అడిగింది. "పోనీ ఆ తలుపంటే భయంగా ఉందని ముందే నాతో చెప్పకపోయావా తల్లీ? నేను పెద్దమ్మనే కదా."

"నీకు తెలియకూడదనే పెద్దమ్మా" అంది పుల్ల. "మిగతావాళ్లు ఏమనుకున్నా పరవాలేదు. నువ్వు అనుకుంటావనే భయమేసింది."

దారి పొడుగునా తిట్టినవి కాక ఇంకా నా నాలుక చివర చాలా ఉన్నాయి. ఆవిడ మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. సీసాల వేడినీళ్ల కథ చెప్పినప్పుడు కూడా తడవని కళ్లు. అక్క, కమిలిన పుల్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పువ్వులాయన రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడి "ఏమైందమ్మా, ఏమైంది?" అంటున్నాడు.

సందు మొదట్లోంచి హారన్లు, ఆ వ్యాను ఎవరిదో తియ్యండని కేకలు వినిపిస్తున్నాయి. ఆవిడ కళ్లు తుడుచుకుని లేవబోయింది. గోడ పట్టుకుని మళ్లీ ప్రయత్నించి, కూలబడింది. అప్పుడు పుల్ల వైపు చూసి చెయ్యి చాపింది.

"నా వల్ల కావడం లేదే. కాస్త లేపు" అంది.

పుల్ల ఒక చెయ్యి పట్టుకుంది. నేను రెండో చెయ్యి పట్టుకున్నాను.